చివరక్షరం

పరుగు!

చెప్పులు ఎప్పుడో ఊడిపోయాయి. కాళ్ళ కింద సున్నపురాయి ముక్కలు కసుక్కు కసుక్కుమని దిగుతున్నాయి.

ప్రమీలారాణి ఆగడం లేదు.

వెనక జీపు! హెడ్‌లైట్ల వెలుగులో ఆమె నీడ ఆమెకంటే ముందు పరుగెడుతోంది.

గుండెలకి అదిమి పట్టుకున్నది రెండు అట్టముక్కలు. వాటి మధ్య ఒక ఫ్లాపీ. నల్లటి పల్చటి చదరం. ఒక్కసారి మడత పడిందా... అందులో ఉన్నదంతా గల్లంతే.

అందులో ఉన్నది ఆమె తమ్ముడి బతుకు.

"ఆగమ్మా! కాలుస్తా!"

జీపులోంచి దశరథరామయ్య గొంతు. సిమెంటు ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఆఫీసరు. మిలిటరీలో చేసొచ్చిన మనిషి. ఉత్తుత్తి బెదిరింపులు ఆయనకి అలవాటు లేదు.

ఢాం!

తుపాకీ ఆకాశంలోకి పేలింది. ఆకాశంలోకేనా? వెనక్కి తిరిగి చూసే తీరిక ఎవరికుంది!

ముళ్ళకంచె. దూరింది. చీర బర్రుమని చిరిగింది. పోతే పోయింది వెధవ చీర!

కంచె దాటితే రోడ్డు. పొద్దుగూకి చాలాసేపయింది. జల్లు మొదలైంది. ఒక్క బస్సు లేదు. ఒక్క లారీ లేదు. జగ్గయ్యపేటలో జనమంతా ఈ పూటే ఇళ్ళల్లో ముసుగుతన్ని పడుకోవాలా!

జీపు గేటు మీదుగా చుట్టు తిరిగి రోడ్డెక్కుతోంది.

అప్పుడు వినబడింది...

డుగు డుగు డుగు డుగు...

రాజ్‌దూత్! ఎంత చీకట్లోనైనా ఆ చప్పుడు ఆమెకి తెలుస్తుంది. పెళ్ళయిన దగ్గర్నించీ సాయంత్రం పూట సందు మలుపులో ఆ చప్పుడు వినే కాఫీకి నీళ్ళు పెడుతుంది.

మొగుడు!

"ఎక్కు," అన్నాడాయన.

ఎక్కింది. ఆయన నడుం పట్టుకుంది. అప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. లోకమంతా ఒకవైపు ఉన్నా తనకి ఈ మనిషున్నాడు. ఆ తడిసిన చొక్కా మీద మొహం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

బండి ఉరికింది.

వెనక జీపు కూడా ఉరికింది.

*

అసలు జరిగిందేమిటంటే...

పోయిన శుక్రవారం ఫ్యాక్టరీ క్వారీలో బ్లాస్టింగ్. రాయి పేల్చే ముందు సైరన్ మోగాలి. అది విని కూలీలు దూరంగా పోతారు.

ఆ రోజు సైరన్ మోగలేదు.

రాయి పేలింది! సుబ్బమ్మ పోయింది. రాళ్ళు కొట్టుకునే మనిషి. పొద్దున చద్దన్నం తిని పనిలోకొచ్చింది. సాయంత్రానికి గోనెపట్టా కింద ఉంది.

సైరన్ స్విచ్ టైం ఆఫీసులో ఉంటుంది. ఆ పూట దాని ముందు కూర్చోవలసింది ఎవరు? కంపెనీ వాళ్ళు కంప్యూటర్లోంచి డ్యూటీల కాగితం తీసి పోలీసుల చేతిలో పెట్టారు. అందులో ఉన్న పేరు... వెంకటరత్నం!

ప్రమీల తమ్ముడు. మొన్న మొన్నటిదాకా ఆమె వేలు పట్టుకు తిరిగిన వాడు. ఇప్పుడు నందిగామ లాకప్‌లో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. రేపు పొద్దున కోర్టు.

ఆ టైం ఆఫీసులో సీనియర్ క్లర్కు ప్రమీల మొగుడే. బావమరిదిని ఆ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. ఆయన పేరంటారా? ప్రమీల ఇంతవరకూ నోటితో పలకలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని తల్లి ప్రసూనాంబ చిన్నప్పుడే నూరిపోసింది. నందిగామలో కంప్యూటర్ సెంటర్ పెట్టింది, ఊళ్ళో మగపిల్లలకి పాఠాలు చెబుతుంది, అయినా ఆ ఒక్క మాట గొంతు దాటదు. ఆమే పలకనప్పుడు మనకెందుకు తొందర?

లాకప్‌లో తమ్ముణ్ణి చూసొచ్చింది. వాడు ఒకటే మాటన్నాడు.

"అక్కా, శుక్రవారం నేను డ్యూటీలో లేను. వేదాద్రి గుడికి వెళ్ళా. డ్యూటీ మార్చుకునే వెళ్ళా."

"ఎవరితో మార్చుకున్నావురా?"

వాడు తల దించుకున్నాడు. "అదొక్కటీ నన్నడక్కు."

ఎంత బతిమాలినా అంతే. తిట్టింది. అయినా అంతే. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. పీకల మీదికొస్తే కూడా ఎవర్ని కాపాడుతున్నాడు వీడు!

ఎస్సై ప్రేమానందం చెడ్డవాడు కాదు. విన్నాడు. తల పంకించాడు. డ్యూటీ మార్చుకుంటే ఆ సంగతి కంప్యూటర్లో ఎక్కాలి గదా అన్నాడు. కంపెనీ కాగితంలో లేదే అన్నాడు. ఫైలు తెచ్చి చూపిస్తానంది ప్రమీల. ఆయన నవ్వాడు.

"నేనెప్పుడూ కంప్యూటర్ చూళ్ళేదమ్మా. ఇవాళ సినిమా మొదటాట వదిలే టైముకి నేనే మీ సెంటర్‌కొస్తా. అది ఏం చెబితే అది నమ్ముతా. మనుషులు అబద్ధం చెబుతారు గానీ అదెందుకు చెబుతుంది."

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. టైం ఆఫీసు ఫ్లాపీ తెస్తానంది. ఆయన ముందు వద్దన్నాడు. తర్వాత, ఆమె పట్టు తెలుసు గనక, డూప్లికేట్ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. రాత్రి భోజనాల టైముకి అక్కడ ఎవరూ ఉండరని చెప్పాడు.

దేవుడిలాంటి మొగుడు!

ఎస్సై వస్తాడన్న ముక్క మాత్రం కంగారులో చెప్పడం మర్చిపోయింది.

*

చిల్లకల్లు.

బండి హైవే ఎక్కబోతూ ఆగింది.

"ఫ్లాపీ ఇటివ్వు. చొక్కా లోపల పెట్టుకుంటా."

"వంగుతుందండీ. నా దగ్గరే ఉండనివ్వండి."

"వాళ్ళు పట్టుకుంటే నిన్ను పట్టుకుంటారు. నా దగ్గరుంటే అనుమానం రాదు."

"పోనివ్వండి ముందు!"

జీపు లైట్లు మలుపు తిరిగాయి. ఆయన గేరు వేశాడు.

గౌరవరం దాటారు. వాన పెరిగింది. ఎదురుగా లారీ... కళ్ళు బైర్లు కమ్మే వెలుగు... బండి మట్టిలోకి దిగి, జారి, మళ్ళీ రోడ్డెక్కింది. ప్రమీల అట్టముక్కల్ని కొంగులో చుట్టి బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"పారెయ్యి ప్రమీలా. ప్రాణాలు దక్కితే చాలు. కంపెనీతో మనకెందుకు?"

ఆమె వినలేదు. అంటే, వినిపించుకోలేదు. ఆ మాట భయంతో అన్నాడనుకుంది. ఆయనకి వాన పడదు, జలుబు చేస్తుంది, ఇంటికెళ్ళాక మిరియాల పాలు కాచాలని కూడా అనుకుంది. చూడండి ఆడదాని వెర్రి!

అంబారుపేట.

వెనక్కి చూసింది. జీపు ఉంది. అంతే దూరంలో ఉంది.

ఇదేమిటి?

ఇద్దరెక్కిన పాత రాజ్‌దూత్‌ని జీపు అందుకోలేదా? బయల్దేరిన దగ్గర్నించీ అంతే దూరం. ఎక్కువా కాదు, తక్కువా కాదు...

ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగింది. బండి నందిగామలో దూరింది. జీపు లైట్లు కనబడకుండా పోయాయి.

*

గాంధీ సెంటర్ వెనక సందు. రేకుల గదిలో ప్రమీల కంప్యూటర్ సెంటర్. పైన వాన దబదబ బాదుతోంది.

తలుపు గడియ పెట్టింది. లైటు వేసింది. కరెంటుంది!

గోడ మీద పెద్దక్షరాలతో ఆమే రాసిపెట్టిన అట్ట. మొదటి రోజు పాఠం అదే.

ముందు కాపీ. తర్వాతే కన్వర్షన్. అసలు ఫైలు మీద చెయ్యి వెయ్యరాదు.

ఆమె బతుకుతెరువు అదే మరి. ఒక ప్రోగ్రాంలో పుట్టిన ఫైలు ఇంకో ప్రోగ్రాంలో తెరుచుకోదు. ఎరువుల కొట్టువాళ్ళు, జిన్నింగు మిల్లువాళ్ళు ఫ్లాపీలు పట్టుకొచ్చి లబోదిబోమంటారు. ఏం ఫైలో కనుక్కోవాలి, తెరవాలి, వాళ్ళకి పనికొచ్చే రకంగా మార్చివ్వాలి. చాలామందికి అది మంత్రం. ఆమెకి రోజువారీ పని.

కంప్యూటర్ ఆన్ చేసింది. రెండు ఫ్లాపీ డ్రైవులు. పైదాంట్లో మిషన్ లేవడానికి కావలసిన డాస్ ఫ్లాపీ. అదెప్పుడూ అక్కడే ఉంటుంది. కింద దాంట్లో టైం ఆఫీసు ఫ్లాపీ పెట్టింది.

మొగుడు వెనకే నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

పచ్చటి అక్షరాలు లేచాయి. ఫ్లాపీలో రెండే ఫైళ్ళు. ఒకటి రోస్టర్, అంటే డ్యూటీల పట్టీ. రెండోది అదే పేరుతో, చివర 'బాక్' అని తోక.

"ఆ రెండోది పనికిరాదు," అన్నాడాయన. "వర్డ్‌స్టార్లో తెరుచుకోదు. నేను చూశా."

"అవునా," అంది.

రోస్టర్ తెరిచింది. ఉత్తరాలు టైపు చేసే ఆ వర్డ్‌స్టార్లో కాదు. నేరుగా డాస్‌లో టైప్ కమాండ్ కొట్టింది. ఫైల్లో ఏముందో ఉన్నది ఉన్నట్టు కక్కేస్తుంది.

లైన్లు పరుగెత్తాయి. సోమవారం... బుధవారం... గురువారం...

ఆపింది.

శుక్రవారం. బి షిఫ్ట్. సైరన్. వెంకటరత్నం.

గుండె గుభేలుమంది!

ఉంది. వాడి పేరే ఉంది. డ్యూటీ మార్చుకోలేదు. వెధవ... అక్క మొహం మీదే అబద్ధం చెప్పాడు! వాడి కోసం ముళ్ళకంచె దూరింది. చీర చింపుకుంది. తుపాకీ ముందు పరుగెత్తింది. కన్నతల్లి పోయాక పెంచింది ఇందుకా! అవమానంతో చెవులు వేడెక్కాయి.

"చూశావా," అన్నాడాయన మెల్లగా. "నేను ముందే అనుకున్నా. నీకు చెప్పలేకపోయా."

కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఆ లైను చూసింది. ఊరికే చూసింది.

అప్పుడు కనబడింది...

వెంకటరత్నం పేరు ఇంగ్లీషులో ఉంది. చివర 'ఎమ్' ఉండాలి. లేదు. దాని చోట రెండు అడ్డగీతలున్నాయి.

సైరన్ అన్న మాట చివర 'ఎన్' లేదు. కూడలి లాంటి గీత ఉంది.

తేదీలో చివరి అంకె లేదు. ఏదో మూలగీత.

పై లైను చూసింది. శుభ్రంగా ఉంది. కింది లైను చూసింది. శుభ్రంగా ఉంది. ఫైలు మొత్తం మీద ఒకే ఒక్క లైన్లో... ప్రతి మాటకీ చివరక్షరం చెడింది!

ప్రమీలకి ఊపిరి ఆడలేదు.

ఈ జబ్బు ఆమెకి తెలుసు. బాగా తెలుసు.

వర్డ్‌స్టార్లో ఫైలు తెరవడానికి రెండు దారులు. ఉత్తరాలూ వ్యాసాలూ అయితే 'డి' నొక్కాలి. ప్రోగ్రాం రాసిన డేటా అయితే 'ఎన్' నొక్కాలి. డేటాని పొరపాటున 'డి'తో తెరిచి, ఒక లైను దిద్ది, పొందిగ్గా సర్దడానికి కంట్రోల్-బి కొడితే... ఆ లైన్లో ప్రతి మాట చివరా వర్డ్‌స్టార్ తన గుర్తు గుద్దుతుంది. వర్డ్‌స్టార్ లోపల అది కనబడదు. బయట నుంచి చూస్తే చివరక్షరాలు పోయి పిచ్చిగీతలు కనబడతాయి.

ఆ లైను ప్రోగ్రాం రాయలేదు. ఎవరో చేత్తో దిద్దారు!

'డి' నొక్కి తెరిచారు. దిద్దాక కంట్రోల్-బి కొట్టారు.

టైం ఆఫీసులో వర్డ్‌స్టార్ తెలిసింది ఎవరికి?

ఒక్కరికే. ఆ ఒక్కరికీ నేర్పింది తనే. ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే. ఎన్నిసార్లు చెప్పిందో! "డేటాకి 'ఎన్' నొక్కండి మహానుభావా," అని. ఆయన నవ్వేవాడు. మళ్ళీ 'డి' నొక్కేవాడు. ఒక్క పేరు మార్చినా సరే చివర కంట్రోల్-బి కొట్టందే ఆయనకి తోచదు. అన్నీ పొందిగ్గా ఉండాలి. చొక్కా మడతలు, పాపిడి, లైన్లు...

భుజం మీది చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

ఆ చెయ్యి ఒక్కసారిగా బరువెక్కింది.

"ఈ గీతలేంటి?" అన్నాడాయన.

తెలీదు! ఆయనకి తెలీదు! తన వేలిముద్ర కళ్ళెదురుగా ఉన్నా పోల్చుకోలేకపోతున్నాడు.

ప్రమీల గొంతు సవరించుకుంది. పెళ్ళయ్యాక ఆయనతో మొదటిసారి అబద్ధమాడింది.

"దారిలో కుదుపులకి చెడినట్టుందండీ. కన్వర్ట్ చేస్తే పోతాయి."

"చెయ్యి మరి. నీట్‌గా ప్రింటు తియ్యి. రేపు పోలీసులకిద్దాం. తప్పు చేస్తే మనవాడైనా మనవాడు కాదు."

తలుపు చప్పుడు!

ఆయన వెళ్ళి సగం తెరిచాడు. బయట ఎవరో. రేకుల మీద వాన హోరు. ఆ హోరులో వచ్చినవాడు గొంతు పెంచక తప్పలేదు.

"ఫ్లాపీ దొరికిందా సార్? ఇంక నేను వెళ్ళొచ్చా? మీరు భయపెట్టమన్నారని పైకి పేల్చా. అమ్మగారిని ఏమనుకోవద్దని చెప్పండి."

దశరథరామయ్య!

మొగుడు గబుక్కున బయటికెళ్ళి తలుపు దగ్గరికేశాడు.

ప్రమీల కళ్ళ ముందు గది గిర్రున తిరిగింది.

జీపుని పంపింది ఈయనే. తాళంచెవి ఇచ్చిందీ ఈయనే. బెదరగొట్టి, పరుగెత్తించి, సమయానికి దేవుడిలా వచ్చి... ఫ్లాపీ ఇటివ్వు, ఫ్లాపీ పారెయ్యి! ఆ చొక్కా మీదేనా తను మొహం పెట్టుకుని ఏడ్చింది? నడుం పట్టుకుని దారి పొడుగునా వచ్చింది? ఒంటి మీద జెర్రి పాకినట్టయింది.

తమ్ముడెందుకు నోరు విప్పలేదో ఇప్పుడర్థమైంది. డ్యూటీ మార్చుకున్నది బావతో. పేరు చెబితే అక్క కాపురం పోతుంది. అందుకని ఆ పిచ్చి సన్నాసి లాకప్‌లో నోరు కుట్టేసుకున్నాడు. అలాంటి వాణ్ణి తను ఇందాక వెధవ అనుకుంది.

ఏడవడానికి టైము లేదు.

ముందు కాపీ!

వేళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. కింది ఫ్లాపీలోని రెండు ఫైళ్ళూ, రోస్టరూ, ఆ తోక ఉన్నదీ... పై ఫ్లాపీలోకి.

డ్రైవు గర్రుగర్రుమంది. ఎర్రలైటు వెలిగింది... వెలుగుతోంది... తెమలదేం!

తలుపు కిర్రుమంది.

రెండు ఫైళ్ళూ కాపీ అయ్యాయని పచ్చగా పడింది. స్క్రీన్ తుడిచేసింది.

"ఎవరండీ?"

"ఎవరో దారి అడుగుతున్నారు." ఆయన తల తుడుచుకున్నాడు. "అయిందా?"

"అవుతోంది."

అయింది. చెడిన అక్షరాల మీద గుర్తు తీసేసే చిన్న ప్రోగ్రాం ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది. నడిపింది. గీతలు మాయం. 'ఎమ్' వచ్చింది, 'ఎన్' వచ్చింది. దిద్దిన లైనుకీ దిద్దని లైనుకీ ఇప్పుడు తేడా లేదు. ప్రింటరు కీచుకీచుమంటూ కాగితం కక్కింది.

వెంకటరత్నం. చక్కగా, పొందిగ్గా ఉంది.

ఆయన కాగితం చించుకున్నాడు. వంగి కింది డ్రైవులోంచి ఫ్లాపీ లాగాడు. ఒక్క క్షణం దాని వైపు చూశాడు.

"ఇంక దీంతో పనేముంది."

టప్!

మధ్యకి మడిచేశాడు. మళ్ళీ మడిచాడు. కిటికీలోంచి బయట బురదలోకి విసిరేశాడు.

ఇంతదూరం గుండెల్లో పెట్టుకుని తెచ్చింది. ప్రమీల కదల్లేదు. పై డ్రైవు వైపు కూడా చూడలేదు.

*

మొదటాట వదిలారు. సందులో గొడుగులు, మాటలు, సైకిలు బెల్లులు.

బూట్ల చప్పుడు!

"అమ్మా, ఉన్నావా?"

ఎస్సై ప్రేమానందం. తడిసి ముద్దయ్యాడు. వెనక స్టేషన్ రైటరు, చంకలో ఫైలు.

మొగుడి మొహంలో రక్తం లేదు. ఒక్క క్షణమే. వెంటనే కుర్చీ జరిపాడు. తువ్వాలిచ్చాడు. కాగితం కూడా ఆయనే అందించాడు.

"చూడండి సార్. మా బావమరిదే. ఏం చేస్తాం, కంప్యూటర్ అబద్ధం చెప్పదు గదండీ."

ఎస్సై నిట్టూర్చాడు. ప్రమీల వైపు జాలిగా చూశాడు.

"సారీ అమ్మా."

"ఒక్క నిమిషం కూర్చోండి సార్," అంది ప్రమీల. "కంప్యూటర్ ఇంకా చెప్పాల్సింది ఉంది."

కుర్చీలో కూర్చుంది.

"వర్డ్‌స్టార్లో ఒక ఫైలు దిద్దితే, దిద్దక ముందున్న ఫైలు పోదండి. చివర 'బాక్' అని తోక తగిలించి అది దాచిపెడుతుంది. దాన్ని వర్డ్‌స్టార్ తెరవనివ్వదు. అందుకని పనికిరాదనుకుంటారు, తెలియని వాళ్ళు."

వెనక ఎవరిదో ఊపిరి ఆగింది.

"డాస్‌కి ఆ పట్టింపుల్లేవు."

టైప్ అని కొట్టింది. ఫైలు పేరు కొట్టింది. చివర తోక కొట్టింది...

చీకటి!

మిషన్ కూడా ఆగిపోయింది.

"కరెంటు పోయినట్టుంది," అంది మొగుడి గొంతు.

ఎస్సై టార్చి వెలిగింది. వెలుగు గోడ మీద పాకింది. మెయిన్ స్విచ్ మీద ఆగింది. స్విచ్ మీద ఒక చెయ్యి. శుభ్రంగా కత్తిరించిన గోళ్ళు, చేతికి పెళ్ళి ఉంగరం.

రైటరు వెళ్ళి ఆ చెయ్యి పక్కకి తీశాడు. స్విచ్ వేశాడు.

లైటు! మిషన్ మళ్ళీ లేచింది. పై డ్రైవు గర్రుమంది. ఎస్సై కంగారుపడ్డాడు, అంతా పోయిందా అని అడిగాడు. స్క్రీన్ మీదిది పోతుంది గానీ ఫ్లాపీలోది పోదని చెప్పింది ప్రమీల. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

మళ్ళీ కమాండ్ కొట్టింది.

సోమవారం... బుధవారం... గురువారం... శుక్రవారం.

ఆపింది.

ఒక్క పిచ్చిగీత లేదు. శుభ్రమైన లైను. ప్రోగ్రాం రాసింది రాసినట్టుంది. సైరన్ ఎదురుగా ఒక పేరు.

వెంకటరత్నం కాదు.

"ఎవరి పేరమ్మా?" ఎస్సై కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తడి చొక్కాతో తుడిస్తే ఇంకా మసకేసింది. "ఈ పచ్చక్షరాలు నాకు ఆనడం లేదు. నువ్వే చదువు. రైటరు స్టేట్‌మెంట్ రాసుకుంటాడు. నీ నోటితో చెప్పాలి."

నీ నోటితో!

ఆమె నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

మా ఆయన అనొచ్చు. చాలదు. రాసుకునేది పేరు.

"ప్రమీలా," అన్నాడు మొగుడు. "నిద్రపట్టేసింది ప్రమీలా. లేచేసరికి రాయి పేలిపోయింది. నేను కావాలని చెయ్యలా."

తిరిగి చూసింది. ఆ మొహం తెలుసు. జ్వరమొస్తే తడిగుడ్డ వేసిన మొహం. మొట్టమొదటిసారి కొత్తగా కనబడింది.

"నిద్రపోయినందుకు నేనేమీ అనకపోదునండీ," అంది. "మనిషన్నాక నిద్రొస్తుంది. నాతో చెబితే మీ పక్కన నిలబడేదాన్ని. కోర్టుకైనా వచ్చేదాన్ని. మీ పేరు తీసి వాడి పేరు పెట్టారు చూడండి... వాడు మాత్రం లాకప్‌లో కూర్చుని ఇప్పటికీ మీ పేరు చెప్పలేదు."

ఆయన చేతులు జోడించాడు.

"నువ్వూ చెప్పొద్దు ప్రమీలా. నీ పసుపుకుంకాల మీద ఒట్టు. నా పేరు పలకొద్దు."

ప్రసూనాంబ మాట చెవిలో మోగింది. పలికితే ఆయుష్షు తరుగుతుందమ్మా...

రైటరు కలం విదిలించాడు. వాన ఆగింది. రేకుల మీంచి చుక్కలు పడుతున్నాయి. అవతల వీధిలో, లాకప్‌లో, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఒక పిల్లాడు కూర్చుని ఉన్నాడు. క్వారీలో సుబ్బమ్మ సుత్తి ఇంకా రాళ్ళ మధ్యే పడి ఉంది.

ప్రమీలారాణి స్క్రీన్ వైపు తిరిగింది.

"శుక్రవారం. బి షిఫ్ట్. సైరన్ డ్యూటీ..."

వేలు ఆ పేరు కింద పెట్టింది. తర్వాత ఒక్కో అక్షరం విడదీసి, రైటరుకి ఏ అనుమానం రాకుండా, చివరక్షరం దాకా పలికింది.

"భవానీప్రసాద్."